మెసా వెర్డే, చాకో కాన్యన్‌కి వానాకాలంలో వెళ్తున్నారా? ఇవి చూసుకుని బయల్దేరండి

మెసా వెర్డే కొలరాడోలో, చాకో కాన్యన్ న్యూ మెక్సికోలో, రెండూ అమెరికా ఆదివాసులు వందల ఏళ్ళ కింద కట్టిన రాతి ఇళ్ళున్న పార్కులు. జులై వచ్చిందంటే పిల్లలకి సెలవులు, ఇండియా నుంచి అమ్మానాన్నలు దిగుతారు, ఇంకేముంది అందర్నీ కారెక్కించుకుని కొలరాడో, న్యూ మెక్సికో, అరిజోనా, యూటా కలిసే ఫోర్ కార్నర్స్ వైపు పోదాం అనుకుంటాం. సరిగ్గా అప్పుడే అక్కడ మాన్సూన్ అండి. మన దగ్గరలా రోజంతా ముసురు పట్టదు, పొద్దున కళకళలాడే ఎండ ఉంటుంది, మధ్యాహ్నానికి మబ్బు కమ్మేసి ఉరుములూ మెరుపులతో దంచి కొట్టి పోతుంది. అందుకే బయట తిరిగేవన్నీ పొద్దున్నే కానిచ్చేయండి, ఉరుము వినపడిందంటే ఫొటో సంగతి తర్వాత, ముందు కారులో కూర్చోండి. ఎండిపోయిన వాగే కదా అని కారు దించొద్దు, ఎక్కడో ఎగువన పడిన వానకి మీ దగ్గర చుక్క పడకుండానే నీళ్ళు ముంచుకొస్తాయి.

చాకోకి వెళ్ళే దారిలో చివర కొన్ని మైళ్ళు మట్టిరోడ్డు, వాన పడితే మామూలు కార్లు బురదలో దిగబడిపోతాయి. రెంటల్ కారైతే మట్టిరోడ్డు మీద ఇన్సూరెన్స్ వర్తిస్తుందో లేదో ముందే చదువుకోండి. లోపల పెట్రోల్ లేదు, హోటల్ లేదు, సిగ్నల్ ఉంటుందని అస్సలు నమ్ముకోవద్దు, మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకుని ట్యాంకు నింపుకుని తిండీ నీళ్ళూ పెట్టుకునే వెళ్ళాలి.

మెసా వెర్డేలో కొండగోడల ఇళ్ళున్న చోటు దాదాపు 7000 అడుగుల ఎత్తు. నాలుగడుగులకే ఆయాసం వస్తుంది, బీపీ, గుండె ప్రాబ్లం ఉన్న పెద్దవాళ్ళయితే డాక్టర్ని అడిగాకే టికెట్ తియ్యండి. ఆ ఇళ్ళలో ఒకటి బాల్కనీ హౌస్, దాని టూర్‌లో 32 అడుగుల చెక్క నిచ్చెన ఎక్కాలి, ఆ తర్వాత 18 అంగుళాల వెడల్పున్న సొరంగంలో 12 అడుగులు పాక్కుంటూ వెళ్ళాలి. అత్తగారు చీరలో, మామగారు మోకాళ్ళ నొప్పులతో ఇది చేయలేరు, మొహమాటపడకుండా ముందే చెప్పేయండి. ఇంకొకటి క్లిఫ్ ప్యాలెస్, అక్కడా నిచ్చెనలున్నాయి కానీ చిన్నవి. రెండూ రేంజర్‌తోనే (పార్కు ఉద్యోగి) చూడాలి, టికెట్లు రెండు వారాల ముందు ఆన్‌లైన్‌లో వదులుతారు, చూస్తుండగానే అయిపోతాయి. పులిహోర డబ్బా కారులోనే వదిలేయండి, లోపలికి మంచినీళ్ళు తప్ప ఏదీ రానివ్వరు.

ఇంతవరకూ మన జాగ్రత్త, ఇప్పుడు గోడల జాగ్రత్త. చాలామంది సైట్‌లోకి రాగానే గోడకి ఆనుకుంటారు, పిల్లల్ని ఎత్తి గోడమీద కూర్చోబెట్టి ఫొటో తీస్తారు, రేంజర్ అరిస్తే అంత గట్టి రాయి కదా ఏమవుతుంది అంటారు. రాయి గట్టిదే, దాన్ని పట్టుకుని ఉన్నది మట్టి. క్లిఫ్ ప్యాలెస్‌లో ఇసుకరాయిని ఇంకో గట్టి రాయితో చెక్కి, మట్టి, బూడిద, నీళ్ళు కలిపిన అడుసుతో పేర్చి, సందుల్లో చిన్న రాతి పెచ్చులు దూర్చారు. కొన్నిచోట్ల అడుసు మీద వేళ్ళ గుర్తులు ఇంకా కనిపిస్తాయి. చాకోలోని ప్యూబ్లో బోనిటో అనే పెద్ద కట్టడంలో పద్ధతి వేరు, గోడ నడుమ రాళ్ళూ మట్టీ కూరి రెండు పక్కలా చెక్కిన పలకరాళ్ళు పొరలా కట్టారు, అలా నాలుగంతస్తులు లేపి ఆరొందలకు పైగా గదులు కట్టారు. సుమారు క్రీ.శ. 850 నుంచి 1150 దాకా సాగింది ఆ పని, లావు దూలాలు యాభై మైళ్ళ పైనున్న కొండల నుంచి మనుషులే మోసుకొచ్చారు, బండ్లు లేవు, మోసే పశువులూ లేవు. దూలాల మీద సన్న కర్రలు, వాటిమీద చెట్టు బెరడు, ఆపైన మట్టి, అదీ మిద్దె. ఇప్పుడా మిద్దెలు చాలావరకు కూలిపోయాయి కాబట్టి వాన తిన్నగా గోడ నెత్తిన పడుతోంది, మీరు ఎక్కితే పైరాయి కదిలి ఆ సందులోంచి నీళ్ళు దిగి లోపలి మట్టి కరిగిపోతుంది. దూలాల చివర గుండ్రటి బిరడా కనిపిస్తే వేలు పెట్టి కెలకొద్దు, చెట్టు వలయాలు లెక్కపెట్టి ఏ ఏడాది నరికారో తేల్చడానికి శాంపిల్ తీసిన చోటది. క్లిఫ్ ప్యాలెస్ 1200ల్లో కట్టారని, 1300 నాటికి జనం దక్షిణానికి వెళ్ళిపోయారని తెలిసిందంటే ఇలాంటి లెక్కల వల్లే.

వెళ్ళిపోయారంటే అంతరించారని కాదండోయ్. ఈనాటి హోపీ, జూనీ, అకోమా ఆదివాసులంతా ఆ వంశాలే, ఇవి వాళ్ళ తాతముత్తాతల ఇళ్ళు. గుండ్రంగా నేలలోకి దిగి ఉండే కివాలు పూజలు జరిగిన చోట్లు, అందులో చిల్లర వెయ్యడం, కుంకుమ చల్లడం లాంటివి భక్తి అనిపించుకోవు. కివాలోకి దిగి చూడాలనుంటే న్యూ మెక్సికోలోని అజ్‌టెక్ రూయిన్స్‌కి వెళ్ళండి, పేరుకే అజ్‌టెక్, మెక్సికోలోని అజ్‌టెక్ జాతికీ దీనికీ సంబంధం లేదు, 1934లో తిరిగి కట్టిన పెద్ద కివా ఉందక్కడ. పెద్దవాళ్ళకి నిచ్చెనల బాధ కూడా తక్కువ, నన్నడిగితే వాళ్ళతో వెళ్ళేవాళ్ళు ముందు ఇదే పెట్టుకోవాలి.

ఎలకల పెంటికలున్న మూలగదుల్లోకి దూరి దుమ్ము లేపొద్దు, ఆ దుమ్ము పీలిస్తే అంటుకుని ఊపిరితిత్తుల్ని దెబ్బతీసే హాంటా వైరస్ 1993లో బయటపడింది ఈ ఏరియాలోనే. నేలమీద రంగు గీతల కుండపెంకు దొరికితే చూడండి, ఫొటో తీసుకోండి, అక్కడే వదిలేయండి. జేబులో వేసుకుంటే ఫెడరల్ కేసు, వీసా మీదున్నవాళ్ళకి దాంతో వచ్చే తలనొప్పి వేరే చెప్పక్కర్లేదు.