ఈ చలికాలం మీకు మొదటిదైతే

ఉద్యోగం కోసం ఈ చలిదేశానికి వచ్చిన మొదటి డిసెంబరులో ఒక శనివారం. వారమంతా చీకటితోనే బయలుదేరి, చీకటి పడ్డాకే ఇల్లు చేరాను. ఒళ్ళు తెలియని నిద్ర పోయి పన్నెండు దాటాక లేచాను. వంట, బట్టలు, ఇంటి పని ముగించి, ఇక కాసేపు బయట తిరిగి వద్దామని కిటికీ తెర జరిపితే వీధి దీపాలు వెలుగుతున్నాయి. గడియారంలో ఇంకా నాలుగు కాలేదు. సోమవారం నుంచి ఆ క్షణం దాకా నా మీద ఎండ పొడ పడలేదని అప్పుడు తట్టింది. కోటు చేతిలో పట్టుకొని ఆ కిటికీ దగ్గర చాలాసేపు అలాగే నిలబడిపోయాను. ఆ సాయంత్రం నన్ను కమ్ముకున్న దిగులు మీ దాకా రాకూడదనే ఇదంతా రాస్తున్నాను.

కొత్తగా వచ్చేవాళ్ళు చలికి బాగానే సిద్ధపడతారు. కోటు, బూట్లు, మఫ్లర్ అన్నీ కొనుక్కుంటారు. చీకటికి మాత్రం ఎవరూ సిద్ధపడరు. 50 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర డిసెంబరు 21 ప్రాంతంలో పగలు ఎనిమిది గంటలే. 60 డిగ్రీల దగ్గర ఆరు గంటలు కూడా ఉండదు. (మీరు వెళ్ళింది భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న దేశానికైతే ఇవే లెక్కలు జూన్‌కు వర్తిస్తాయి.) ఆ కాస్త పగటినీ పనివేళలు మింగేస్తాయి. దానికి తోడు ఏడాది చివరి గడువులు, కొత్త ఉద్యోగంలో నిలదొక్కుకోవాలన్న ఆరాటం. అప్పుడు మనకు తెలియకుండానే ఒక అలవాటు పడుతుంది. ఈ పని ఒడ్డున పడనీ, సెలవులు రానీ, ఎండలు మొదలవనీ అంటూ ప్రతి సంతోషాన్నీ వాయిదా వేస్తాం. చలికాలం నాలుగైదు నెలలు. అన్నాళ్ళు మనసును పస్తు పెట్టకూడదు. అందుకే చిన్న చిన్న సంతోషాలకు పనిరోజులోనే ఒక వేళ పెట్టుకోండి. మిగిలిన సమయంలో చూసుకుందాం అనుకుంటే, చలికాలంలో ఏ సమయమూ మిగలదు.

మధ్యాహ్నపు ఇరవై నిమిషాలు

ఇంకేమీ చేయలేకపోయినా ఇదొక్కటి చేయండి. భోజన విరామంలో పదిహేను, ఇరవై నిమిషాలు బయట నడవండి. మబ్బు పట్టి ఉంటే బయటికి వెళ్ళి మాత్రం ఏం లాభం అనిపిస్తుంది, నాకూ అనిపించింది. ఆఫీసులో మన బల్ల మీద పడే వెలుగు మామూలుగా 300 నుంచి 500 లక్సులు (లక్సు అంటే వెలుగును కొలిచే ప్రమాణం). మబ్బు కమ్మిన మధ్యాహ్నం కూడా బయట అంతకు ఎన్నో రెట్ల వెలుగు ఉంటుంది. కన్ను వెలుగుకు తగ్గట్టు తనను తాను సర్దుకుంటుంది కాబట్టి ఆ తేడా మనకు తెలియదు, ఒంటికి మాత్రం తెలుస్తుంది. కంటి వెనుక పొరలో కొన్ని కణాలు పగలో రాత్రో కొలిచి మెదడులోని గడియారానికి చేరవేస్తాయి. వెలుగును నేరుగా పసిగట్టే ఈ కణాలను శాస్త్రజ్ఞులు గుర్తించింది 2002లో. రాత్రి నిద్ర పట్టడం, పొద్దున చురుగ్గా లేవడం చాలావరకు ఆ గడియారం మీదే ఆధారపడి ఉంటాయి.

ఈ నడకను మీ పని క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి. ఖాళీగా కనిపించిన గంటలో ఎవరో ఒకరు మీటింగు పెట్టేస్తారు. రోజూ ఒకే దారిన వెళ్ళమని నా సలహా. కొత్త దారులు ఆదివారాలకు ఉంచుకోండి. ఒకే దారిలో నడిస్తేనే మార్పు కంటికి ఆనుతుంది. మా ఆఫీసు వెనుక ఒక మోడు చెట్టు ఉంది. రెండు వారాలు దాన్ని చచ్చిన చెట్టనే అనుకున్నాను. ఒక రోజు కొమ్మ వంచి చూస్తే చివరన గోధుమ రంగులో, మిరియపు గింజకన్నా కాస్త పెద్దవి, పొలుసులు కప్పుకొన్న మొగ్గలు వరుసగా ఉన్నాయి. వేలితో తాకితే గట్టిగా, కొద్దిగా జిగటగా తగిలాయి. అవి వసంతంలో పుట్టేవనుకునేవాణ్ణి. ఆకులు రాలకముందే చెట్టు వాటిని కట్టి పెట్టుకుంటుందని తర్వాత తెలిసింది. అప్పటి నుంచి ఆ కొమ్మను చూడకుండా వెనక్కి వచ్చిన రోజు లేదు.

షిఫ్టులలో పనిచేసేవాళ్ళకు, ఆస్పత్రులలో, గోదాములలో ఉండేవాళ్ళకు మధ్యాహ్నం బయటికి వెళ్ళడం కుదరకపోవచ్చు. అలాంటివారు దక్షిణం వైపు (భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న దేశంలోనైతే ఉత్తరం వైపు) కిటికీ ఎక్కడుందో వెతికి పెట్టుకోండి. చలికాలపు సూర్యుడు నడినెత్తికి రాడు. 50 డిగ్రీల దగ్గర డిసెంబరు మధ్యాహ్నం క్షితిజానికి 16, 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అందువల్ల ఎండ కిటికీలోంచి ఏటవాలుగా దూసుకొచ్చి గది వెనుక గోడ దాకా చేరుతుంది. వేసవిలో అంత లోపలికి రాదు. ఆ ఎండ పలక గోడ మీద పాకే అరగంటలో మీ కుర్చీని అక్కడికి జరుపుకోండి. ఎవరూ ఏమీ అనుకోరు. రెండో రోజు ఇంకొకరు కూడా తమ కుర్చీ తెచ్చుకుంటారు.

చేతులు, పాదాలు

చలికాలంలో సంతోషం సగం పాదాల్లో ఉంటుంది. తడిసిన మేజోళ్ళతో కూర్చున్న మనిషికి ఏ మంచి మాటా చెవికెక్కదు. నూలు తడిని పట్టుకొని కూర్చుంటుంది, ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం నిలుపుతుంది. ఒక జత ఉన్ని మేజోళ్ళు ఆఫీసు సొరుగులో ఎప్పుడూ ఉంచండి. గదిని వెచ్చబరచడానికి వేడి నీళ్ళతో నడిచే రేడియేటర్ ఉంటే, చేరగానే చేతి తొడుగులు దాని మీద పరవండి. సాయంత్రం బయలుదేరేటప్పుడు ఆ వెచ్చని తొడుగుల్లోకి వేళ్ళు దూర్చడం రోజంతటిలో నాకు ఇష్టమైన క్షణం. విద్యుత్ హీటర్ల మీద మాత్రం ఏ బట్టా వేయవద్దు, అంటుకునే ప్రమాదం ఉంది.

వేడి కప్పును రెండు చేతులతో పట్టుకొని, ఫోను పక్కన పెట్టి, చివరి గుక్క దాకా తాగండి. కాఫీ అయితే మధ్యాహ్నం రెండులోపు ముగించడం మంచిది. అందులోని కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఐదింటికి తాగితే రాత్రి పదింటికి కూడా సగం మిగిలే ఉంటుంది. హీటర్ల వల్ల గదిలో గాలి పొడిబారి పెదాలు, చేతి వేళ్ళు పగులుతాయి. పడుకునే ముందు చేతులకు నూనో క్రీమో నిదానంగా రాసుకోండి. ఆ రెండు నిమిషాలు రోజంతా కీబోర్డు మీదో బరువుల కిందో నలిగిన చేతులను మళ్ళీ మన చేతులుగా మారుస్తాయి.

మంచు కురిసే చోట ఉంటే ఒక పని చేయండి. నల్లని కోటు చేతి మీద ఒక్క మంచు పలుకు పడనిచ్చి, ఊపిరి తగలకుండా దగ్గరగా చూడండి. బస్సు కోసం నిలబడి చిరాకు పడుతున్న ఒక సాయంత్రం నేను అలా చూశాను. ఆరు రేకులు. ప్రతి రేకుకూ ఈనెల్లాంటి కొమ్మలు. చూస్తుండగానే అంచులు మెత్తబడి నీటి చుక్కైపోయింది. ఆరే ఎందుకు, ఐదో ఏడో ఎందుకు కాదని 1611లోనే ఖగోళ శాస్త్రజ్ఞుడు కెప్లర్ ఆలోచించి రాశాడు. మంచులో నీటి అణువులు షడ్భుజాల వరుసలో అమరడమే దానికి కారణమని తేలడానికి ఆ తర్వాత మూడు వందల ఏళ్ళు పట్టింది. తాజాగా కురిసిన మంచు శబ్దాన్ని పీల్చుకుంటుంది, అందుకే కురిసిన మర్నాడు వీధి అంత నిశ్శబ్దంగా ఉంటుంది. చలి బాగా ముదిరితే అడుగు కింద మంచు కిర్రుమంటుంది. కొన్నాళ్ళకు ఆ చప్పుడును బట్టే చలి ఎంతో మీరే చెప్పగలుగుతారు.

సాయంత్రాలు

పని చేసేవాళ్ళకు చాలా పనికొచ్చే సంగతి ఒకటి చెబుతాను. అతి చిన్న పగలు డిసెంబరు 21 ప్రాంతంలో వస్తుంది, కాని సూర్యుడు అతి త్వరగా అస్తమించే రోజు అంతకన్నా ముందే వెళ్ళిపోతుంది. భూమి కక్ష్య సరిగ్గా వృత్తం కాకుండా కొద్దిగా సాగి ఉండడం, అక్షం వంగి ఉండడం దీనికి కారణం. 50 డిగ్రీల దగ్గర అది డిసెంబరు 12 ప్రాంతం. అంటే సాయంత్రపు వెలుగు పెరగడం అసలు నడిశీతాకాలానికన్నా ముందే మొదలవుతుంది. ఉదయాలు మాత్రం ఏడాది చివరి దాకా ఆలస్యమవుతూనే ఉంటాయి. వంటగది గోడ మీద ఒక కాగితం అంటించి, ప్రతి ఆదివారం సూర్యాస్తమయ సమయం రాయండి. మొదట మార్పు ఒకటి రెండు నిమిషాలే. జనవరి చివరికి వచ్చేసరికి రోజుకు మూడు నిమిషాల చొప్పున పగలు పెరుగుతుంది. నేను ఆ కాగితాన్ని చూసుకొని గడిపిన జనవరి, చూసుకోకుండా గడిపిన జనవరి ఒకలా లేవు.

ఇక్కడ చుక్కలు చూడటానికి రాత్రి మేలుకోనక్కరలేదు. జనవరిలో ఏడు గంటలకే కృత్తికలు, ఆరుద్ర కనిపిస్తాయి. మన దగ్గర దాదాపు నడినెత్తికి ఎక్కే ఆరుద్ర ఇక్కడ దక్షిణ దిక్కున అంతకన్నా చాలా తక్కువ ఎత్తులోనే సాగిపోతుంది. చిన్నప్పుడు తెలిసిన చుక్క ఇంకో చోట నిలబడి కనిపించడం నాకు ఎంతో ధైర్యమిచ్చింది.

ఇల్లు చేరగానే పెద్ద దీపం బదులు మూలన చిన్న దీపం వెలిగించి, ఆఫీసు బట్టలు మార్చుకొని, ఒక పాట పూర్తిగా వినండి. ఇంటి నుంచే పని చేసేవాళ్ళకు ఇది మరీ ముఖ్యం. కంప్యూటర్ మూసి, ఒకసారి చుట్టుపక్కల వీధి తిరిగి వస్తేనే వాళ్ళకు పని ముగుస్తుంది.

ఇంటికి ఫోను చేసినప్పుడు మనం రెండే మాటలు చెబుతాం: చలి ఎక్కువగా ఉంది, పని ఎక్కువగా ఉంది. అమ్మానాన్నలకు ఆ రెండూ బెంగ పెంచేవే. ఆ రోజు చూసిన ఒక్క వస్తువు గురించి చెప్పి చూడండి. నేను మా అమ్మకు ఆ చెట్టు మొగ్గల గురించి చెప్పాను. ఇప్పుడు తను ప్రతి వారం వాటి యోగక్షేమాలు అడుగుతుంది. నేను ఆ కొమ్మ దగ్గర ఆగడానికి అదీ ఒక కారణం. ఊళ్ళో గ్రంథాలయం ఉంటే సభ్యత్వం తీసుకోండి. వెచ్చగా, వెలుగుగా ఉండి, ఏమీ కొనకుండా మనుషుల మధ్య కూర్చోగలిగే చోటు చలికాలంలో అంత సులువుగా దొరకదు.

ఒక ముఖ్యమైన మాట. రెండు వారాలకు మించి దిగులు వీడకపోతే, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోతే, ఎంత పడుకున్నా నిద్ర చాలకపోతే, ఈ చిట్కాలతో సరిపెట్టుకోకుండా వైద్యుణ్ణి కలవండి. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగవద్దు. చలికాలంలో వచ్చే కుంగుబాటును వైద్యులు 1984లోనే ఒక ప్రత్యేక రుగ్మతగా వర్ణించారు, దానికి చికిత్స ఉంది. ఉదయం పూట 10,000 లక్సుల దీపం ముందు అరగంట కూర్చోవడం అందులో ఒకటి. కంటి జబ్బులు, బైపోలార్ రుగ్మత (అతి ఉత్సాహం, కుంగుబాటు మారిమారి వచ్చే మానసిక సమస్య) ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా ఆ దీపం వాడకూడదు. సాయం అడగడానికి మార్చి దాకా ఆగినవాళ్ళను నేను చూశాను. వాళ్ళు పడిన బాధలో చాలా భాగం పడనక్కరలేనిది.

చివరగా, నవంబరులోనో డిసెంబరులోనో ఎమరిల్లిస్ అనే పూలమొక్క దుంప ఒకటి కొనండి. ఉల్లిగడ్డకన్నా పెద్దగా ఉంటుంది. మూడో వంతు పైకి కనిపించేలా కుండీలో నాటి, వెలుగు వచ్చే కిటికీలో పెట్టి, మట్టి ఆరినప్పుడు కొద్దిగా నీళ్ళు పోయండి. మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాల్లో పూస్తుంది. పక్కన ఒక పుల్ల గుచ్చి, కాడ ఎంత పెరిగిందో రోజూ పెన్సిలుతో గీత పెట్టండి. పని బాగా ఒత్తిడిగా ఉన్న ఒక వారం నా పుల్ల మీద ఏడు గీతలు పడ్డాయి, ప్రతి రెండిటి మధ్యా వేలు పట్టేంత దూరం ఉంది. పూలు వాడిపోయాక దుంపను పారేయకండి. కాడను మాత్రం కోసి, ఆకులను అలాగే ఉంచి, వేసవి అంతా ఎండ తగలనిచ్చి నీళ్ళు పోస్తూ ఉండండి. శరదృతువులో రెండు నెలలు నీళ్ళు ఆపి చల్లని చీకటి మూల ఉంచి, మళ్ళీ కిటికీలోకి తీసుకురండి.