అప్పుల్లో ఉన్న రగ్బీ సంఘాన్ని గట్టెక్కించడం ఎలా

రాష్ట్ర రగ్బీ సంఘం అప్పులపాలైతే కార్యవర్గానికి మొదట తట్టేది ఒకటే: పెద్ద టోర్నమెంటు పెడదాం, స్పాన్సర్లు వస్తారు, అప్పు తీరిపోతుంది. తీరదు. టోర్నమెంటుకు ఖర్చు ముందు, రాబడి తర్వాత. చేతిలో డబ్బు లేని సంఘం ఆ మధ్యలోనే మునుగుతుంది. అమెరికా రగ్బీ సంఘం అంతటిదే 2020 మార్చిలో దివాలా పిటిషన్ వేసింది. ఇంగ్లండులో 2022లో వూస్టర్, వాస్ప్స్ క్లబ్బులు, మరుసటేడు లండన్ ఐరిష్ క్లబ్బు చితికిపోయాయి. మన బెంగళూరు సంఘంలో అంకెలు చిన్నవే గానీ ముంచే దారి అదే.

ముందు బాకీలన్నీ ఒక కాగితం మీదికి ఎక్కించండి. నాలుగు గడులు చాలు: ఎవరికి, ఎంత, ఎప్పటిలోగా, కట్టకపోతే ఏం ఆగుతుంది. నాలుగో గడిని బట్టే వరస తేలుతుంది. మైదానం అద్దె, అంబులెన్సు, బీమా ఆగితే ఆటే ఆగుతుంది కాబట్టి అవి ముందు. తర్వాత ప్రభుత్వ బాకీలు. కోచ్ ఫీజులో పట్టుకున్న పన్ను (టీడీఎస్) ప్రభుత్వానికి కట్టకుండా ఉంచుకుంటే నెలకు ఒకటిన్నర శాతం వడ్డీ పడుతుంది. దాని రిటర్ను ఆలస్యమైతే రోజుకు 200 రూపాయలు అదనం. రిఫరీలకు ఇవ్వాల్సింది చిన్న మొత్తమే కదా అని వెనక్కి నెట్టకండి. ఒక రిఫరీ అలిగి మానేస్తే ఆ స్థాయి మనిషి మళ్లీ తయారవడానికి ఏళ్లు పడుతుంది.

కార్యవర్గ సభ్యుల చేబదుళ్లు చివర్న. కార్యదర్శి సొంత కార్డు గీకి జట్టుకు టికెట్లు కొనడం మన సంఘాల్లో మామూలే. ఆ సొమ్ము అప్పా, విరాళమా అన్నది తీర్మానం రాసి, సంతకాలు పెట్టించి తేల్చండి. నోటిమాటగా వదిలేస్తే వచ్చే ఎన్నికల్లో అదే గొడవ.

సంఘాలు ఎక్కువగా దెబ్బతినేది మరో చోట. బడి పిల్లల కార్యక్రమానికని ఒక కంపెనీ ఇచ్చిన డబ్బును సీనియర్ జట్టు హోటల్ బిల్లుకు వాడతారు, వచ్చే నెల సర్దుదామనుకుంటారు. ఏడాది చివర వినియోగ ధ్రువపత్రం ఇవ్వాల్సి వచ్చినప్పుడు లెక్క కుదరదు, రెండో విడత రాదు. అందుకే నిర్దిష్ట పనికి వచ్చిన సొమ్ముకు వేరే బ్యాంకు ఖాతా తెరవండి. ఇద్దరి సంతకాలు లేనిదే పైసా కదలకూడదు.

ఇక పదమూడు వారాల పట్టీ. ప్రతి వారానికీ మొదటి నిల్వ, రావాల్సింది, పోవాల్సింది, చివరి నిల్వ. ఖాతాలో పడని స్పాన్సర్ మాటను రాబడిలో రాయొద్దు. ప్రతి సోమవారం దిద్దండి. ఏ వారంలో నిల్వ సున్నా కిందికి పోతుందో రెండు నెలల ముందే కనిపిస్తే మైదానం వాళ్లతో గడువు గురించి మాట్లాడుకోవచ్చు. ఆ వారం వచ్చాక అడిగితే ఎవరూ వినరు.

ఖర్చు తగ్గించాలంటే కోచ్‌ల జీతాల కంటే ముందు ప్రయాణాలను చూడండి. సెవెన్స్ (మైదానంలో ఏడుగురు ఆడే రగ్బీ) జట్టంటే బదిలీ ఆటగాళ్లతో కలిపి పన్నెండు మంది ఆటగాళ్లు, కోచ్, మేనేజరు: పద్నాలుగు టికెట్లు. రైలు రిజర్వేషను ఇప్పుడు 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. సెలెక్షన్ ట్రయల్స్ టోర్నీకి మూడు వారాల ముందు పెడితే స్లీపర్ దొరకదు, తత్కాల్ దొరకదు, చివరికి విమానమే గతి. ట్రయల్స్‌ను టోర్నీకి 70 రోజుల ముందే పెట్టండి. టికెట్ల డబ్బు ఖాతాలో లేకపోతే జట్టును పంపకండి. తిట్లు తప్పవు, పడాలి.

క్రమం తప్పని రాబడికి బెంగళూరులో మంచి దారి కంపెనీ జట్ల టచ్ రగ్బీ. వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ, ఔటర్ రింగ్ రోడ్డు ఆఫీసుల్లో ఎనిమిది జట్లు కూర్చడం కష్టం కాదు. మన తెలుగువాళ్లే బోలెడంతమంది ఉన్నారు, కబడ్డీ ఆడినవాళ్లకు పక్కకు తప్పుకోవడం ఇట్టే అబ్బుతుంది. జట్టుకు ఆరుగురు, టాకిల్ (పట్టి కింద పడేయడం) లేదు, తాకితే చాలు. 100 మీటర్ల పొడవు, 70 మీటర్ల వెడల్పున్న మైదానంలో 60 బై 40 మీటర్ల కోర్టులు రెండు అడ్డంగా పడతాయి, మధ్యలో జాగా కూడా మిగులుతుంది. నాలుగేసి జట్ల రెండు గ్రూపులకు పన్నెండు మ్యాచ్‌లు, ఆపైన సెమీస్, మూడో స్థానం, ఫైనల్ కలిపి పదహారు. ఒక్కో మ్యాచ్‌కు 25 నిమిషాలు కేటాయిస్తే రెండు కోర్టుల మీద మూడు గంటల ఇరవై నిమిషాల్లో అయిపోతాయి. అద్దె, రిఫరీలు, అంబులెన్సు, నీళ్లు కలిపి 40,000 అవుతుందనుకుందాం. జట్టుకు 8,000 చొప్పున వసూలు చేస్తే 24,000 మిగులుతుంది. మీ ధరలతో ఇదే లెక్క వేసి చూడండి. ఫీజు ముందే కట్టించుకోండి. సెప్టెంబరు, అక్టోబరు వానలకు ఒక ప్రత్యామ్నాయ శనివారం కూడా బుక్ చేసి ఉంచండి.

కంపెనీ సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) నిధిని, స్పాన్సర్‌షిప్‌ను ఒకే ఉత్తరంలో అడగకండి. జెర్సీ మీద లోగో వేసి ప్రచారం చేస్తే అది స్పాన్సర్‌షిప్, దాని మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. ఎవరు కట్టాలో ఆడిటరుతో తేల్చుకోండి. సీఎస్ఆర్ సొమ్ము ప్రచారానికి పనికిరాదు, శిక్షణకే. రగ్బీ సెవెన్స్ 2016 రియో నుంచీ ఒలింపిక్ క్రీడ కాబట్టి కంపెనీల చట్టం ఏడో షెడ్యూలు కింద దాని శిక్షణకు అర్హత ఉంది. అయితే సంఘానికి కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్ఆర్-1 నమోదు, ఆదాయపు పన్ను దగ్గర ధర్మసంస్థ నమోదుతో పాటు దాతలకు పన్ను రాయితీ ఇప్పించే 80జీ అనుమతి, మూడేళ్ల పని చరిత్ర కావాలి. సంఘాల రిజిస్ట్రారుకు ఏటా ఇవ్వాల్సిన లెక్కలు బకాయి ఉంటే ముందు వాటిని దాఖలు చేయండి. కంపెనీ మొదట అడిగేవి ఆ కాగితాలే.

ఆట పెరగాలంటే పెట్టుబడి బడుల్లో పెట్టాలి, టాకిల్ లేని రూపంతో. ఇరవై నాలుగు మంది పిల్లలకు ఆరు బంతులు, ఇరవై ఎనిమిది ట్యాగ్ బెల్టులు (టాకిల్ బదులు లాగే పట్టీలున్న నడుము బెల్టులు; నాలుగు ఎప్పుడూ పోతాయి), ఇరవై కోన్లు చాలు. చిన్నపిల్లలకు పెద్దల 5వ సైజు బంతి ఇస్తే చేతికి పట్టదు. 3 లేదా 4 తీసుకోండి. బంతిలో గాలి 9.5 నుంచి 10 పీఎస్ఐ. కొత్త చోట ముందు కన్నడలో చెప్పగలిగే కోచ్‌ను పంపండి. తెలుగు, ఇంగ్లిషు కలిపి చెబితే తరగతిలో సగానికే అర్థమవుతుంది.

టాకిల్‌కు తొందర వద్దు. ఇక్కడి ఎర్రమట్టి మైదానాలు ఎండాకాలంలో సిమెంటులా బిగుస్తాయి. నేల మెత్తగా ఉన్నప్పుడు మోకాళ్ల మీద నుంచి మొదలుపెట్టండి, తల పక్కకు ఉంచడం ముందు నేర్పండి. కబడ్డీ పిల్లలు నలుగురూ ఒకేసారి మీద పడతారు, తలలు ఢీకొనేది అక్కడే. తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం వచ్చినా ఆ రోజుకు ఆ పిల్లవాడికి ఆట ముగిసినట్టే, నేరుగా డాక్టరు దగ్గరికి. దీని మీద వరల్డ్ రగ్బీ ఆన్‌లైన్ కోర్సు ఉచితం. అది పూర్తి చేయని కోచ్‌ను బడికి పంపకండి.

ఎంతమంది చేరారన్న అంకెను కంపెనీకి చూపించకండి. మొదటి రోజు బడి మొత్తం వస్తుంది. ఆరో వారంలో ఎందరు మిగిలారు, అందులో ఆడపిల్లలెందరు అన్నది హాజరు పట్టీ నుంచి రాసి ఇవ్వండి.