మేత కొట్టు సైటులో బయటపడ్డ పాస్‌వర్డ్

భీమవరంలో మా బాబాయికి రొయ్యల మేత కొట్టు ఉంది, చెరువుల రైతుల ఆర్డర్లు, అప్పు ఖాతాలు అన్నీ నేను రాసిన సైటులోనే నడుస్తాయి. మొన్న రాత్రి సైటు అడ్రస్ చివర డాట్ ఈఎన్‌వీ (పాస్‌వర్డ్‌లు, కీలు దాచే సెట్టింగుల ఫైలు) అని కొట్టి చూస్తే డేటాబేస్ పాస్‌వర్డ్ బ్రౌజర్‌లో కనపడింది. గుండె జారిపోయింది. కోడ్‌లో చేసిన పాత మార్పులన్నీ దాచే డాట్ గిట్ ఫోల్డరూ తెరిచే ఉంది, అంటే ఎప్పుడో తీసేశాననుకున్న కీలు కూడా ఎవరైనా దించుకోవచ్చు.

ప్రాజెక్టు ఫోల్డర్ మొత్తాన్నీ సైటుని నడిపే వెబ్ సర్వర్ ఇంజిన్‌ఎక్స్‌కి రూట్‌గా, అంటే బయటికి చూపించే ఫోల్డర్‌గా, ఇచ్చేయడం వల్ల వచ్చింది ఇదంతా. రూట్‌ని లోపలి పబ్లిక్ ఫోల్డర్‌కి మార్చాను, చుక్కతో మొదలయ్యే దేనికైనా 404 (దొరకలేదు అనే జవాబు) ఇచ్చేలా రూల్ పెట్టాను, కానీ డాట్ వెల్‌నోన్‌ని మాత్రం వదిలేయాలి, లేకపోతే సైటుకి ఉచితంగా హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ దగ్గర దాని రెన్యువల్ ఆగిపోవచ్చు. ఫోల్డర్‌లోని ఫైళ్ల జాబితా అందరికీ చూపించే ఆటోఇండెక్స్‌ని ఎప్పుడో ఆన్ చేశాను, అదీ ఆపేశాను. పాత బ్యాకప్ జిప్ కూడా ఆ పబ్లిక్ ఫోల్డర్‌లోనే పడి ఉంది, పేరులో ముందు చుక్క లేదు కాబట్టి ఆ రూల్ దాన్ని ఆపదు, చేత్తో తీసేశాను.

సర్వర్ లాగ్ చూస్తే డాట్ ఈఎన్‌వీ ఫైలుకి 200 (ఫైలు ఇచ్చేశాను అనే జవాబు) వచ్చిన రిక్వెస్టులు కొన్ని ఉన్నాయి, నావి కావు. "ఒరేయ్, రైతుల నంబర్లు బయటికెళ్లాయేంట్రా?" అన్నాడు బాబాయి. పాస్‌వర్డ్‌లు, కీలు అన్నీ మార్చేదాకా టెన్షన్‌తో నిద్రపోలేదు, పొద్దున్నే రైతులందరికీ మేమే ఫోన్ చేసి చెప్పాం.