ధనుర్మాసం నుంచి కనుమ దాకా: తిరుపతి ఇళ్లలో ఒంటినీ మనసునూ కాపాడుకునే తీరు

డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసం మొదలవుతుంది. తిరుమలలో సుప్రభాతానికి బదులు తిరుప్పావై వినిపించే ఆ నెల రోజుల్లోనే క్రిస్మస్ సెలవులు, ఆంగ్ల సంవత్సరాది వస్తాయి, చాలా ఏళ్లలో వైకుంఠ ఏకాదశి కూడా అప్పుడే పడుతుంది, ఆ వెంటనే భోగి, సంక్రాంతి, కనుమ తరుముకొస్తాయి. మిగతా ఊళ్లవాళ్లు సెలవులకు ఎక్కడికో ఒకచోటికి బయలుదేరితే, తిరుపతివాళ్లం ఇంట్లోనే ఉండి వచ్చేవాళ్లకు తలుపు తీస్తాము. చలికాలపు దిగులు గురించి ఉత్తర దేశాలవాళ్లు చెప్పే జాగ్రత్తలు చాలావరకు వెలుతురు కరువుకు సంబంధించినవి. మనకు ఏడాదిలో అతి చిన్న పగలు కూడా పదకొండుంబావు గంటలు ఉంటుంది, అతి పెద్ద పగటితో పోలిస్తే తేడా గంటన్నర పైచిలుకు మాత్రమే. మనల్ని ఈ కాలంలో కుంగదీసేవి నిద్రలేమి, ఎడతెగని వంట, చేయి దాటిన ఖర్చు, జన సమ్మర్దం, కొన్ని ఇళ్లలో వీటన్నిటికీ పూర్తిగా విరుద్ధమైన ఒంటరితనం.

అన్నిటికంటే ముందు చేయవలసిన పని, డిసెంబరు మొదటి వారంలోనే ఇంటిల్లిపాదీ క్యాలెండరు ముందు కూర్చోవడం. ఎవరు ఏ తేదీన వస్తున్నారో, ఎన్ని రాత్రులు ఉంటారో రాసుకోవాలి. ఆ తేదీలకు సరేననే చివరి మాట మాత్రం వంట చేసే మనిషిదే కావాలని గట్టిగా చెబుతాను. చాలా ఇళ్లలో ఫోన్లో "రండి, రండి" అనేవారు ఒకరు, తెల్లవారుజామున పొయ్యి ముందు నిలబడేవారు మరొకరు. ఒక బృందం వెళ్లిన తరువాత మరొక బృందం వచ్చేలోపు కనీసం ఒక రోజు ఖాళీగా ఉంచుకోవాలి. కాదని చెప్పడానికి మొహమాటపడేవారు ఈ తీరున చెప్పి చూడవచ్చు: "అన్నా, మీరు రావడం మాకు సంతోషమే. ఐదో తేదీ దాకా ఇంట్లో మనుషులున్నారు, అమ్మకు మోకాళ్ల నొప్పి ఎక్కువగా ఉంది. ఏడో తేదీన వస్తే తీరిగ్గా కూర్చుని మాట్లాడుకోవచ్చు. అంతకుముందే రావలసి వస్తే దగ్గర్లో గది చూసి పెడతాను, ఒకపూట భోజనానికి మాత్రం మన ఇంటికే రావాలి." ఇందులో కాదన్న మాట లేదు, అబద్ధమూ లేదు. పిలుపు మాత్రం మిగిలే ఉంటుంది.

నిద్ర సంగతి మరింత శ్రద్ధగా చూడాలి. కొండకు వెళ్లే బంధువులు రాత్రి రెండు గంటలకు బయలుదేరుతారు, దర్శనం చేసుకున్నవాళ్లు అర్ధరాత్రికి దిగివస్తారు, ప్రతిసారీ ఇల్లంతా లేస్తుంది. ముందు గదిలో పడకలు వేసి, తాళంచెవి ఒకటి వాళ్ల చేతికే ఇచ్చి, ఫ్లాస్కులో వేడి పాలో కాఫీయో పోసి ఉంచితే, ఇంట్లోవాళ్లు లేవవలసిన అవసరం ఉండదు. తెల్లవారి ఐదు గంటలకు వాకిట్లో ముగ్గు వేయాలనుకునేవారు రాత్రి పది గంటలకే పడుకోవాలి, అది కుదరని రోజున ముగ్గు ఏడు గంటలకు వేసుకుంటే దోషమేమీ లేదు. పదిహేను రోజులు వరుసగా నాలుగైదు గంటల నిద్రతో గడిపితే మాట విసురుగా వస్తుంది, రక్తపోటు పెరుగుతుంది, జలుబు పట్టిందంటే వదలదు. పండుగ నాటికి ఇంటి ఇల్లాలు మంచం పట్టడానికి చాలాసార్లు కారణం ఇదే, దిష్టి తగిలిందనుకొని ఊరుకోకూడదు.

వచ్చినవాళ్లకు పని అప్పగించడం మర్యాదకు లోటని అనుకోనక్కర లేదు. మన జిల్లాలో ఈ కాలానికి పితికిపప్పు ఉండనే ఉంది. అనపగింజలను రాత్రంతా నానబెట్టి, మర్నాడు ఒక్కొక్క గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నొక్కితే, తోలు వేళ్ల మధ్య మిగిలి పప్పు పళ్లెంలోకి జారుతుంది. ఒక్కరే కూర్చుంటే నడుము పట్టేసే ఈ పనికి పళ్లెం చుట్టూ ఆరుగురు చేరితే, మూడేళ్లుగా చెప్పుకోని కబుర్లన్నీ ఆ గంటలో తీరిపోతాయి. పిల్లల చేతుల్లో ఫోన్లు వాటంతట అవే పక్కకు పోతాయి. సంగటిలోకి ఆ పప్పు కూర ఉంటే ఇక వేరే వంటకాల ఆర్భాటం అవసరం లేదు.

తిండి విషయంలో షుగర్ ఉన్నవారు మరింత జాగ్రత్తపడాలి. చక్కెర పొంగలి, అరిసెలు, ఓళిగలు, కజ్జికాయలు నాలుగు రోజుల వ్యవధిలో వరుసగా ఎదురవుతాయి. వాటిని పూర్తిగా మానమని చెబితే ఎవరూ వినరు కనుక, ఒక పూటకు ఒక తీపి అని నియమం పెట్టుకుని, ఆ పూట అన్నం తగ్గించి, తిన్న తరువాత ఒక పావుగంట నడవడం మేలు. లడ్డూను పదిమందికి పంచి చిటికెడు నోట్లో వేసుకున్నా ప్రసాదం ప్రసాదమే. ఏకాదశి ఉపవాసం మాత్రం వేరే సంగతి. ఇన్సులిన్ వేసుకునేవారు, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు వాడేవారు తిండి మానేసి మందు మాత్రం తీసుకుంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది, కాబట్టి ఉపవాసానికి ముందే వైద్యుణ్ని అడిగి మోతాదు తెలుసుకోవాలి. చెమట, వణుకు, కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంట తరువాత మళ్లీ చూడాలి. స్పృహ తప్పినవారి నోట్లో ఏమీ పోయకుండా 108కు ఫోన్ చేయాలి.

చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, అందువల్ల చలికాలంలో బీపీ కొంత పెరగడం మామూలే. హడావిడిలో మాత్రలు మరిచిపోవడం కూడా ఇప్పుడే ఎక్కువ. నెలకు సరిపడా మందులు ముందే తెచ్చి, రోజువారీ పెట్టెలో సర్దిపెట్టాలి. పెద్దవాళ్లు తెల్లవారుజామున చన్నీళ్లతో తలస్నానం చేయకుండా వేన్నీళ్లు కాచి ఇవ్వాలి. దాహం వేయదు కాబట్టి నీళ్లు తాగడం తగ్గిపోతుంది, అది కూడా కనిపెట్టి చూడాలి. కొండ మీద రాత్రి చలి కింద ఉన్నదానికంటే బాగా ఎక్కువ. చెన్నై నుంచి నూలు బట్టలతో దిగే చుట్టాలకు శాలువా ఇచ్చి పంపడం మన బాధ్యతే అనుకోవాలి. అలిపిరి దారిలో సుమారు 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో సుమారు 2,400 మెట్లు ఉన్నాయి. గుండెజబ్బు, ఉబ్బసం, అదుపులో లేని బీపీ ఉన్నవారు మొక్కు ఉన్నా బస్సులోనే వెళ్లాలి. ఛాతీలో బరువు, ఎడమచేయి లాగడం, ఊపిరి అందకపోవడం కనిపిస్తే అది గ్యాస్ అని సర్దిచెప్పుకుంటూ సమయం పోగొట్టరాదు.

2025 జనవరి 8 రాత్రి మన ఊళ్లో వైకుంఠ ద్వార దర్శన టోకెన్ల కోసం చేరిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు భక్తులు ప్రాణాలు కోల్పోయారు. ఆ రాత్రిని ఈ ఊరివాళ్లు మరిచిపోలేరు, మరిచిపోకూడదు. 2020 నుంచి తిరుమలలో ఆ ద్వారం పది రోజులు తెరిచి ఉంచుతున్నారు, ఏకాదశి నాడే వెళ్లి తీరాలనే పట్టుదల మానుకోవాలి. టికెట్టో టోకెనో చేతిలో లేకుండా పెద్దవాళ్లనూ చంటిబిడ్డలనూ గుంపులోకి తీసుకుపోవద్దు, ఊపిరి ఆడనంతగా జనం చిక్కబడుతున్నట్లు అనిపించిన క్షణమే వరుస వదిలి పక్కకు రావాలి.

భోగి మంటలో టైర్లు, ప్లాస్టిక్ వేయవద్దు, ఉబ్బసం ఉన్నవారిని పొగకు దూరంగా కూర్చోబెట్టాలి. ఖర్చుకు నవంబరులోనే ఒక మొత్తం అనుకుని, కొత్త అల్లుడి మర్యాదల పేరిట నగలు కుదువ పెట్టే దాకా పోకుండా ఉంటే చాలు.

ఇక ఒంటరితనం గురించి కాస్త ఎక్కువగానే చెప్పాలి. పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రులు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారు. అక్కడ సెలవులు డిసెంబరు చివర్లో వస్తాయి కాబట్టి పిల్లలు జనవరి మొదటి వారానికే తిరిగి విమానం ఎక్కుతారు. సంక్రాంతి నాటికి ఇల్లు బోసిపోతుంది, నిన్నటిదాకా మనవళ్ల అల్లరితో ఉన్న ఇల్లు కనుక దిగులు మరీ ఎక్కువగా తెలుస్తుంది. పిల్లలు ఉండగానే ఒక రోజు పండుగ వంట చేసుకోవడం, సంక్రాంతికి ఇద్దరే ఉండిపోకుండా ముందుగానే మరొక ఇంటితో కలిసి భోజనానికి మాట చేసుకోవడం మంచిది. న్యూయార్క్ వైపు ఉన్నవారికి ఇక్కడ ఉదయం ఏడున్నర అంటే ముందురోజు రాత్రి తొమ్మిది. రోజూ ఆ వేళకే ఫోన్ అని నిర్ణయించుకుంటే, ఎదురుచూపుల ఆరాటం తగ్గుతుంది. ధనుర్మాసమంతా ఊళ్లో తిరుప్పావై ప్రవచనాలు జరుగుతుంటాయి. భక్తి ఒక ఎత్తు, రోజూ ఒకే వేళకు బట్ట మార్చుకుని బయటికి వెళ్లి నలుగురిని పలకరించడం మరొక ఎత్తు.

ఆ ఏడాది మనిషిని పోగొట్టుకున్న ఇంటికి పండుగ ఉండదు. పండుగ లేని ఇల్లు కదా అని చుట్టాలు తొంగిచూడకపోవడం మాత్రం సరికాదు. కొత్త పంచో చీరో పటం ముందు పీట మీద పెట్టి, పక్కన ఆకులో అన్నం వడ్డించి, పెద్దలకు పెట్టుకునే ఆచారం దుఃఖానికి మన పూర్వులు చూపిన చోటు. ఏడాది తిరిగి ఆ పని మొదటిసారి చేసే ఇంట్లో, పోయినవారి పేరు ఎత్తకుండా తప్పించుకోవడం కంటే, ఆయనకు ఏ కూర ఇష్టమో అడిగి చెప్పించుకోవడం వాళ్లకు ఊరటనిస్తుంది. ఏడుపు వస్తే రానివ్వాలి. పండుగ వెళ్లి రెండు వారాలు దాటినా నిద్ర పట్టక, తిండి సహించక, ఏ పని మీదా మనసు నిలవకపోతే వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లాలి. బతకాలని లేదన్న మాట నోట వస్తే ఆ రెండు వారాలు కూడా ఆగకూడదు. వాళ్లను ఒంటరిగా వదలకుండా పక్కనే కూర్చుని, కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు వెంటనే ఫోన్ చేయాలి. అది ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.