ఎండాకాలంలో స్టాండర్డ్ సొల్యూషన్: గీత దాకా పోసే ముందు

ఏప్రిల్ వచ్చిందంటే హైదరాబాద్‌లో ప్రాజెక్టు పిల్లలంతా ఒకేసారి ల్యాబ్ మీద పడతారు. మా దగ్గర ఏసీ బ్యాలెన్స్ గదికే. బెంచీల దగ్గర మధ్యాహ్నానికి 35 డిగ్రీలు దాటుతుంది. అందుకే ఈ రోజుల్లో స్టాండర్డ్ సొల్యూషన్ (బలం కచ్చితంగా తెలిసిన ద్రావణం) చేసేటప్పుడు కెమికల్ సీసా కంటే ముందు, మెడ మీద గీత ఉన్న వాల్యూమెట్రిక్ ఫ్లాస్కు మీద రాసిన ఉష్ణోగ్రత చూడండి. 20 అనో, 27 అనో ఉంటుంది. ఆ వేడి దగ్గర గీత దాకా పోస్తేనే అది 250 మి.లీ. 20 డిగ్రీల దగ్గర 250 మి.లీ. ఉన్న నీరు 35కి వచ్చేసరికి దాదాపు 1 మి.లీ. పెరుగుతుంది. బ్యూరెట్‌లో (కొలుస్తూ చుక్కలుగా వదిలే గాజు గొట్టం) 0.1 మి.లీ. తేడా వస్తే టెన్షన్ పడతాం, దీన్ని మాత్రం ఎవరూ అడగరు. డిస్టిల్డ్ వాటర్ క్యాను ముందురోజు సాయంత్రమే చల్లటి గదిలో పెట్టుకుని, పొద్దున్నే పని కానిచ్చేయండి. బోరు నీళ్లు వద్దని చెప్పక్కర్లేదు, కానీ తాగే ఆర్వో నీళ్లు కూడా పనికిరావు.

మనం ద్రావణం చేసే ఆగ్జాలిక్ ఆమ్లం సంగతి నా అనుభవం. కొత్తలో తేమ పోతుందని దాన్ని ఓవెన్‌లో పెట్టాను. సోడియం కార్బొనేట్‌ని వేడి చేసి ఆరబెట్టాలి కదా, ఇదీ అంతే అనుకున్నాను. దీని స్ఫటికంలో రెండు నీటి అణువులు ఉంటాయి, దాని అణుభారం 126 అనే లెక్క వాటితో కలిపే. ఆ నీరంతా పోతే 90 మిగులుతుంది. పాత లెక్కతో తూచితే ద్రావణం 40 శాతం చిక్కబడుతుంది. రెండు రోజులు బ్యూరెట్‌ని తిట్టుకున్నాను. ఇది విషం కూడా, పిపెట్‌ని (ద్రావణం కొలిచి తీసే గాజు గొట్టం) నోటితో పీల్చకండి.

తూచేటప్పుడు ఫ్యాన్ ఆపి, బ్యాలెన్స్ తలుపులు మూయండి. 0.1 మోలార్ (లీటరుకి అణుభారంలో పదో వంతు గ్రాములు) కోసం 250 మి.లీ.కి 3.1518 గ్రాముల ఆగ్జాలిక్ ఆమ్లం కావాలి. సరిగ్గా అంతే రావాలని చిటికెడు వేస్తూ, చిటికెడు తీస్తూ అరగంట కూర్చునేవాళ్లను చూశాను. అక్కర్లేదు. 3.1724 వచ్చిందా, అదే రాసుకోండి. మీ ద్రావణం 0.1007 మోలార్, అంతే. తీసిన పొడిని మాత్రం మళ్లీ సీసాలో వేయకండి.

బీకరులో పూర్తిగా కరిగాకే గరాటుతో ఫ్లాస్కులోకి పోయండి. బీకరు, గాజు కడ్డీ, గరాటు మూడింటినీ వాష్ బాటిల్‌తో మూడుసార్లు కడిగి, ఆ నీళ్లూ అందులోకే. గీతకి ఒక సెంటీమీటరు కిందే ఆగి, మెడలోపల గీతకి పైన అంటుకున్న చుక్కల్ని ఫిల్టర్ పేపర్ చుట్టతో తుడిచేయండి. తర్వాత వంగి, కన్ను గీతకి సమంగా పెట్టి, వెనక తెల్ల కాగితం పట్టుకుని, డ్రాపర్‌తో చుక్క చుక్కగా పోయండి. ద్రావణం పైతలంలో కనిపించే వంపు అడుగు గీతని తాకితే చాలు.

“మేడం, ఒక్క చుక్క ఎక్కువైంది, పిపెట్‌తో తీసేయనా?” అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. తీసేయకూడదు నాన్నా, చుక్కతో పాటు కరిగిన కెమికలూ వస్తుంది. మళ్లీ మొదటినుంచి చేయాల్సిందే.

మూత బిగించి 20 సార్లు తలకిందులు చేయండి. ఆ తర్వాత మట్టం గీత కంటే కాస్త కిందకి కనిపిస్తుంది, మూతకీ మెడకీ అంటుకున్న తడి అది. కంగారుపడి నీళ్లు కలపకండి.

సోడియం హైడ్రాక్సైడ్ అయితే నీళ్లలో పడగానే వేడెక్కుతుంది. గది వేడికి చల్లారాకే గీత దాకా పోయాలి. గాలిలో తేమనీ, కార్బన్ డయాక్సైడ్‌నీ పీల్చుకుంటుంది కాబట్టి దాని తూకాన్ని నమ్మకండి, ఆగ్జాలిక్ ఆమ్లంతో టైట్రేషన్ (బ్యూరెట్‌తో చుక్క చుక్కగా కలిపి కొలవడం) చేసి అసలు బలం తేల్చుకోండి. ప్లాస్టిక్ సీసాలో దాచండి, గాజు మూత బిగుసుకుపోతుంది. ఏ ద్రావణమైనా పోసే ముందు సీసాని అదే ద్రావణంతో కొద్దిగా తొలిచి పారబోయండి. తడి సీసా అయితే పడ్డ కష్టమంతా పలచబడిపోతుంది.