పాత సర్వర్‌లో కాక్టి: ప్యాచ్ పడనప్పుడు, పడ్డా నమ్మకం కుదరనప్పుడు

నెట్‌వర్క్ పరికరాల గ్రాఫులు గీసే సాఫ్ట్‌వేర్ కాక్టి. అది పెట్టిన సర్వర్‌ జోలికి ఎవరూ పోరు. స్విచ్‌ల గ్రాఫులు వస్తున్నంత కాలం అదొకటి ఉందన్న సంగతే గుర్తుండదు. ర్యాక్ అడుగున పడి ఉండి, ఐదు నిమిషాలకోసారి ఎస్ఎన్ఎంపీ (పరికరాల లెక్కలు అడిగే ప్రోటోకాల్)తో అన్ని పరికరాలనూ పలకరించి లెక్కలు రాసుకుంటుంది. ఆడిట్ వాళ్లు రిపోర్ట్ చేతిలో పెట్టిన రోజు మాత్రం అందరికీ టెన్షన్. ఆ రిపోర్టుల్లో పై వరుసలో ఉండే సీవీఈ-2022-46169 (సీవీఈ అంటే బయటపడ్డ భద్రతా లోపానికి ఇచ్చే నంబరు) సంగతే ఇక్కడ రాస్తున్నాను. మిగతా లోపాలకూ దారి దాదాపు ఇదే.

2022 డిసెంబర్‌లో బయటపడిన ఈ లోపం తీవ్రత 10కి 9.8. కాక్టిలో రిమోట్ ఏజెంట్ అనే పీహెచ్‌పీ ఫైలు ఒకటుంది. వేరే చోట్ల ఉన్న పోలర్లతో (పరికరాల నుంచి లెక్కలు సేకరించే ప్రోగ్రాములు) మాట్లాడటం దాని పని. అడుగుతున్నది ఎవరో తెలుసుకోవడానికి ఐపీ చూసి, పోలర్ల పట్టికలో ఉంటేనే జవాబిస్తుంది. అంతవరకు బాగానే ఉంది. కానీ ఆ ఐపీని ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ లాంటి హెడర్లలోంచి (వెబ్ అభ్యర్థనతో పాటు వచ్చే సమాచార వరుసలు) కూడా తీసుకునేది. హెడర్‌లో ఏం రాయాలన్నది పంపేవాడి ఇష్టం. 127.0.0.1 (సర్వర్ తన సొంత చిరునామా) అని రాసి పంపితే మనింటి మనిషే అనుకుని తలుపు తీసేది. లోపలికొచ్చినవాడు పోలర్ ఐడీ దగ్గర అంకెకి బదులు షెల్ కమాండ్ రాస్తే అది కాస్తా నడిచిపోయేది. లాగిన్ అక్కర్లేదు. పరికరం అప్‌టైమ్ లాంటి, పీహెచ్‌పీ స్క్రిప్ట్‌తో నడిచే డేటా సోర్స్ ఒక్కటి ఉంటే చాలు, అది లేని కాక్టి అరుదు. 1.2.22 దాకా ఉన్న ఈ కంతను 1.2.23లో పూడ్చారు.

సర్వర్ ఊరికే వేడెక్కుతోంది, బయటికి కనెక్షన్లు వెళ్తున్నాయి

ప్యాచ్ (లోపాన్ని పూడ్చే సవరణ) కంటే ముందు చూడాల్సింది ఇది. టాప్ కమాండ్‌లో వెబ్ సర్వర్ యూజర్ పేరుతో పెర్ల్ ప్రాసెస్ కనిపిస్తోందా? టెంప్ ఫోల్డర్లో మీరు పెట్టని ఫైళ్లున్నాయా? ఈ లోపం గుండా మిరాయ్ కుటుంబానికి చెందిన మూబాట్, పెర్ల్‌లో రాసిన షెల్‌బాట్ అనే మాల్వేర్లు దూరినట్టు 2023లోనే బయటపడింది. అపాచీ వెబ్ సర్వర్ యాక్సెస్ లాగ్‌లో రిమోట్ ఏజెంట్ ఫైలు పేరు వెతకండి. పోల్‌డేటా అనే యాక్షన్‌తో మీ నెట్‌వర్క్‌కి చెందని ఐపీ నుంచి వచ్చిన వరుస ఒక్కటి దొరికినా, ఎవరో తలుపు తట్టారని అర్థం. కమాండ్ నడిచిందా లేదా అన్నది లాగ్ చూసి తేల్చలేం.

దొంగ లోపలికి వచ్చాక తాళం మార్చి లాభం లేదు, ప్యాచ్ వాణ్ని బయటికి పంపదు. డిస్క్ కాపీ తీసి పక్కన పెట్టి, యంత్రాన్ని కొత్తగా ఇన్‌స్టాల్ చేయడమే దారి. చాలామంది మర్చిపోయే పని ఇంకోటుంది. కాక్టి డేటాబేస్‌లో మీ స్విచ్‌లు, రౌటర్లన్నిటి ఎస్ఎన్ఎంపీ కమ్యూనిటీ పేర్లు (ఇవీ పాస్‌వర్డుల్లాంటివే), వీ3 పాస్‌వర్డులు ఉంటాయి. అవన్నీ మార్చాలి. మన దేశంలో అయితే సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు ఉన్నాయి: ఇలాంటి ఘటన తెలిసిన 6 గంటల్లో తెలియజేయాలి, లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. డెబియన్ లినక్స్‌లో అపాచీ లాగ్ మామూలుగా 14 రోజులకే చెరిగిపోతుంది. పాత లాగ్‌లు చెరిపే లాగ్‌రొటేట్‌లో ఆ అంకె ఈరోజే మార్చేయండి.

ప్యాచ్ వేశాను, స్కానర్ మాత్రం ఇంకా ఎర్రగానే చూపిస్తోంది

ఎక్కువమందిని తిప్పలు పెట్టేది ఇదే. మీది డెబియన్ 11 అనుకుందాం. అందులో కాక్టి వెర్షన్ 1.2.16. లోపాలు వెతికే స్కానర్ లాగిన్ పేజీలో ఆ అంకె చదువుతుంది, 1.2.23 కంటే తక్కువ కాబట్టి లోపం ఉందంటుంది. అది కోడ్ చూడదు, కమాండ్ నడిపి చూడదు, అంకె ఒక్కటే చూస్తుంది.

డెబియన్ పద్ధతి వేరు. ఒకసారి విడుదల చేశాక పెద్ద వెర్షన్‌ని కదిలించరు. కొత్త వెర్షన్‌లోంచి ఆ సవరణ ఒక్కటే తీసి పాతదానికి అతుకు వేస్తారు. బ్యాక్‌పోర్ట్ అంటే అదే. ముందున్న అంకె 1.2.16గానే ఉంటుంది, ప్యాకేజీ వెర్షన్ చివరి తోక మాత్రం మారుతుంది. ఈ లోపానికి డెబియన్ 11లో సవరణ వచ్చిన ప్యాకేజీకి డెబ్11యూ1 అన్న తోక ఉంది. డీపీకేజీ కమాండ్‌తో లిస్ట్ తీస్తే ఆ తోక కనిపిస్తుంది. అదీ చాలదనుకుంటే డాక్ ఫోల్డర్లో కాక్టి కింద డెబియన్ చేంజ్‌లాగ్ ఉంటుంది, జీజిప్‌లో. జీగ్రెప్ కమాండ్‌తో 46169 వెతకండి. దొరికితే కంత పూడినట్టే. ఆ వరుసను కాపీ చేసి ఆడిట్ వాళ్లకు పంపితే మామూలుగా ఒప్పుకుంటారు. సెంట్‌ఓఎస్ లాంటి ఆర్‌పీఎం సిస్టమ్‌లలో ఆర్‌పీఎం కమాండ్‌కే చేంజ్‌లాగ్ ఆప్షన్ ఇచ్చి చూడొచ్చు.

ఇక్కడ చేయకూడని పని ఒకటుంది. స్కానర్‌ని పచ్చగా మార్చాలని, కొత్త వెర్షన్ టార్ ఫైలు దించి డెబియన్ ప్యాకేజీ మీదే పరిచేయడం. ఒక కాలేజీలో ఇలా చేసిన సర్వర్ నా చేతికి వచ్చింది. వేసిన ఆర్నెల్లకు డెబియన్ ప్యాకేజీలను కొత్తవిగా మార్చే ఆప్ట్ అప్‌గ్రేడ్ నడిచి సగం ఫైళ్లను మళ్లీ పాతవాటితో కప్పేసింది. పేజీలో కొత్త అంకె, లోపల పాత కోడ్. స్కానర్ పచ్చ, కంత తెరిచి ఉంది. దాన్ని కనిపెట్టడానికి రెండు రోజులు పట్టింది. ప్యాకేజీ వాడితే ప్యాకేజీ, చేత్తో పెడితే చేత్తో. రెండూ కలపొద్దు.

అసలు అప్‌డేటే రావట్లేదు

సెంట్‌ఓఎస్ 7 అయితే మిర్రర్‌లిస్ట్ హోస్ట్ దొరకలేదని ప్యాకేజీలు దించే యమ్ చెబుతుంది. మీ డీఎన్ఎస్ తప్పేం లేదు. 2024 జూన్ 30తో ఆ విడుదలకు ఆయుష్షు తీరింది, మిర్రర్లు (ప్యాకేజీలు దించుకునే సర్వర్లు) తీసేశారు. రెపో ఫైళ్లలో మిర్రర్‌లిస్ట్ వరుసను కామెంట్ చేసి బేస్ యూఆర్‌ఎల్‌ని వాల్ట్‌కి తిప్పితే యమ్ మళ్లీ పనిచేస్తుంది. అదనపు ప్యాకేజీల రెపో ఎపెల్‌కి ఫెడోరా ఆర్కైవ్ ఉంది. అయితే వాల్ట్ అంటే గోదాము. అప్పటిదాకా ఉన్నవి దొరుకుతాయి, కొత్త సవరణలు రావు. యమ్ అప్‌డేట్ చేయడానికి ఏమీ లేదని చెబితే సంబరపడకండి.

సర్టిఫికెట్ గడువు తీరిందని డౌన్‌లోడ్ ఆగిపోతే రెండు చూడండి. 2021 సెప్టెంబర్ 30న లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాడే పాత రూట్ సర్టిఫికెట్ గడువు ముగిసింది, పాత ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 1.0.2 అక్కడే తికమకపడుతుంది. సీఏ సర్టిఫికెట్ల ప్యాకేజీని ఎక్కించగలిగినంత కొత్తదానికి ఎక్కిస్తే సర్దుకుంటుంది. రెండోది సర్వర్ గడియారం. బోర్డు మీది సీఆర్2032 సెల్ అయిపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. ఒక చిన్న బటన్ సెల్ కోసం ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌ని తిట్టుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

ప్యాచ్ లేదు, యంత్రం మార్చే బడ్జెట్టూ లేదు

అప్పుడు తలుపే మూసేయాలి. అపాచీలో రిమోట్ ఏజెంట్ ఫైలు ఒక్కదానికి ఫైల్స్ బ్లాక్ రాసి, రిక్వైర్ లోకల్ అని పెట్టండి. వేరే పోలర్లు ఉంటే రిక్వైర్ ఐపీతో వాటి చిరునామాలు చేర్చండి. అపాచీ ఇక్కడ చూసేది కనెక్షన్ వచ్చిన అసలు ఐపీని కాబట్టి హెడర్ మాయ పారదు. కానీ అదే యంత్రంలో ముందు ఎన్‌జిన్‌ఎక్స్ లాంటి ప్రాక్సీ (మధ్యవర్తి సర్వర్) ఉంటే అన్నీ లోకల్ నుంచే వచ్చినట్టు కనిపిస్తాయి, ఈ నియమం పనికిరాదు. అప్పుడు ప్రాక్సీలోనే ఆ ఫైలుకి అడ్డం పెట్టాలి. అపాచీలో రిమోట్‌ఐపీ మాడ్యూల్ ఆన్ చేసి ఉన్నా జాగ్రత్త.

కోడ్ చేత్తో సవరించే ధైర్యం ఉంటే మార్చాల్సింది మూడే చోట్ల. క్లయింట్ చిరునామా తీసే ఫంక్షన్ హెడర్లను నమ్మకుండా చేయడం, పోలర్ ఐడీని అంకెగా మాత్రమే తీసుకోవడం, కమాండ్‌లోకి పంపేముందు దాన్ని ఎస్కేప్ చేయడం (కమాండ్‌గా నడవకుండా చేయడం). మొదటిది లిబ్ ఫోల్డర్లోని ఫంక్షన్స్ ఫైల్లో, మిగతా రెండూ రిమోట్ ఏజెంట్‌లో. మార్చినదాన్ని ఒక కాగితం మీదైనా రాసి ర్యాక్‌కి అంటించండి, తర్వాత వచ్చేవాళ్లకు తెలియాలి.

గెస్ట్ అకౌంట్ తెరిచి ఉంటే మూసేయండి. 1.2.25లో సరిచేసిన సీవీఈ-2023-39361 ఆ గెస్ట్ గ్రాఫ్ పేజీ గుండా లాగిన్ లేకుండానే డేటాబేస్ దాకా తీసుకెళ్లేది. 1.2.23 దగ్గర ఆగిపోతే ఇలాంటివి మిగిలిపోతాయి.

ప్యాచ్ పడ్డాక: ఈ సేవ వాడటానికి అనుమతి లేదంటోంది

ప్రధాన సర్వర్ రిమోట్ పోలర్‌ని అడిగినప్పుడు ఫేటల్ అంటూ ఈ మాట వస్తే ప్యాచ్ తన పని చేస్తోందని అర్థం. మధ్యలో ప్రాక్సీ ఉంటే ఇప్పుడు ప్రాక్సీ ఐపీయే కనిపిస్తోంది. కాన్ఫిగ్ ఫైల్లో ప్రాక్సీ హెడర్స్ అనే సెట్టింగ్ ఉంది. మీ ప్రాక్సీ నిజంగా పంపే హెడర్ ఒక్కదాన్నే అందులో రాయండి. పని తొందరగా అవుతుందని ట్రూ అని పెడితే అన్ని హెడర్లనూ నమ్ముతుంది, పూడ్చిన గొయ్యి మళ్లీ తవ్వుకున్నట్టే. ప్రాక్సీ లేనివాళ్లు ఖాళీగా వదలకుండా ఫాల్స్ అని రాసేయండి.

గ్రాఫులు తెల్లగా పోయాయి

తొంభై శాతం కథ ఇదే: పోలర్‌ని పరీక్షించడానికి మీరు రూట్‌గా నడిపారు. గ్రాఫుల డేటా దాచే ఆర్‌ఆర్‌డీ ఫైళ్లు, కాక్టి లాగ్ రూట్ సొంతమయ్యాయి. వేళకి పనులు నడిపే క్రాన్‌లో వెబ్ యూజర్‌గా నడిచే పోలర్ వాటిలో రాయలేకపోతోంది. చౌన్ కమాండ్‌తో యజమానిని తిరిగి మార్చండి. అప్‌గ్రేడ్‌లో క్రాన్ ఫైలే పోయిందేమో కూడా చూడండి. హార్ట్‌బీట్ (డేటా రాకపోయినా ఓపికపట్టే గడువు) 600 సెకన్లు అయితే పది నిమిషాలు దాటి ఆగిన చోట గ్రాఫ్‌లో ఖాళీ శాశ్వతంగా ఉండిపోతుంది. ఇన్‌స్టాలర్ టైమ్‌జోన్ దగ్గర ఆగితే పీహెచ్‌పీ ఐఎన్‌ఐలో ఏషియా/కోల్‌కతా రాసి, మైఎస్‌క్యూఎల్‌లో టైమ్‌జోన్ పట్టికలు నింపండి.

చివరికి కొత్త యంత్రానికి మారాం, పాత చరిత్ర తెరుచుకోవట్లేదు

32 బిట్ యంత్రం నుంచి 64 బిట్‌కి ఆర్‌ఆర్‌డీ ఫైళ్లుండే ఆర్‌ఆర్‌ఏ ఫోల్డర్‌ని నేరుగా కాపీ చేస్తే, ఈ ఫైలు వేరే ఆర్కిటెక్చర్‌లో తయారైందని ఆర్‌ఆర్‌డీటూల్ తిప్పికొడుతుంది. ఫైలు పాడవలేదు. పాత యంత్రంలోనే ఒక్కొక్క ఫైలునీ డంప్‌తో ఎక్స్‌ఎంఎల్‌గా తీసి, కొత్తదాంట్లో రీస్టోర్ చేయాలి. వేల ఫైళ్లుంటే లూప్ రాసి రాత్రికి వదిలేయండి. ఎక్స్‌ఎంఎల్ అసలు ఫైలు కంటే చాలా పెద్దది కాబట్టి డిస్క్‌లో ఖాళీ ముందే చూసుకోవాలి. రీస్టోర్ రూట్‌గా చేస్తే పైన చెప్పిన చౌన్ మళ్లీ అవసరమవుతుంది. పాత యంత్రాన్ని మాత్రం మీ డంప్‌లన్నీ కొత్తదాంట్లో తెరుచుకుని, కనీసం ఒక వారం గ్రాఫ్ సరిగ్గా గీసేదాకా తుడిచేయకండి. ఆ వారమంతా దాన్ని నెట్‌వర్క్ కేబుల్ పీకి ఉంచండి.