ఫోన్ కదిపి ఫొటో, దాంట్లోంచి పెయింటింగ్

అబ్‌స్ట్రాక్ట్ ఫొటోలో అది ఏ వస్తువో తెలియాల్సిన పనిలేదు, గీతలు, రంగులు, మచ్చలు కనిపిస్తే చాలు. ఖరీదైన కెమెరా కూడా అక్కర్లేదు. ఫోన్ కెమెరాలో ప్రో మోడ్ (సెట్టింగ్‌లు మనమే మార్చుకునేది) పెట్టి ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పేది) 100, షట్టర్ (వెలుతురు లోపలికి వచ్చే సమయం) 1/4 సెకను చేసుకుని, మహబూబ్‌నగర్ పిల్లలమర్రి ఊడల వైపు గురిపెట్టి, బటన్ నొక్కుతూనే ఫోన్‌ను పైనుంచి కిందికి జరపండి. ఊడలు నిలువు చారలుగా సాగిపోతాయి. అడ్డంగా జరిపితే మాత్రం అన్నీ కలిసిపోయి ఏమీ మిగలదు. మధ్యాహ్నం వద్దు, మన ఎండకు ఫొటో మొత్తం తెల్లగా పాలిపోతుంది, పొద్దుగూకే వేళ బెస్ట్.

కదపడం ఇష్టం లేకపోతే బాగా దగ్గరికి వెళ్లండి. నన్నడిగితే పోచంపల్లి ఇక్కత్‌ను మించింది లేదు: నేయకముందే నూలును కట్లు కట్టి రంగులో ముంచుతారు కాబట్టి డిజైన్ అంచులు కాస్త చెదిరినట్టు ఉంటాయి, ఆ అంచునే ఫ్రేమ్ నిండా తీయండి.

ఇక పెయింటింగ్. ఫొటోను ఉన్నదున్నట్టు దించితే బోర్. తలకిందులు చేసి, కళ్లు సగం మూసి చూస్తే పెద్ద ఆకారాలే కనిపిస్తాయి, వాటినే వేయండి. అక్రిలిక్ (నీళ్లతో కలిపే రంగు) త్వరగా ఆరిపోతుంది (ఎండాకాలం మన దగ్గర చెప్పక్కర్లేదు), అందుకే మధ్యమధ్యలో నీళ్లు స్ప్రే చేయాలి. కింది పొర పూర్తిగా ఆరాక రెండోది వేసి, తడిగా ఉండగానే పాత ఏటీఎం కార్డుతో గీకితే కింది రంగు బయటపడుతుంది. ఎక్కడ ఆపాలో తెలియకపోతే పెయింటింగ్‌ను ఫోన్‌లో ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్‌గా చూడండి, అంతా ఒకే బూడిద రంగులో ఉంటే ఎక్కడో ఒకచోట ముదురు రంగు పడాల్సిందే.